అనుష్క సినిమాలు తగ్గించడం ఆమె ఇష్టమా, పరిశ్రమ తీర్పా?

గోదావరి గట్టు: 2010లో ఒక్క ఏడాదిలోనే అనుష్క తెలుగులో ‘వేదం’, ‘పంచాక్షరి’, ‘ఖలేజా’, ‘నాగవల్లి’, ‘రగడ’ చేశారు. 2017లో ‘బాహుబలి’ రెండో భాగం వచ్చాక ఎనిమిదేళ్లలో ‘భాగమతి’, ‘సైరా’లో చిన్న పాత్ర, ‘నిశ్శబ్దం’, ‘మిస్ శెట్టి మిస్టర్ పొలిశెట్టి’, ‘ఘాటి’. అంతే. ‘ఘాటి’ ఆడలేదు. ఆ వెంటనే కొంతకాలం సోషల్ మీడియాకు దూరంగా ఉంటానని ప్రకటించారు. ప్రేక్షకులకు మొహం మొత్తకముందే గౌరవంగా తప్పుకుంటున్నారని నా అభిప్రాయం. అందులో తప్పేముంది?

జేజమ్మ అభిమాని: గట్టు గారూ, మీ లెక్క సరైనదే. దాని నుంచి మీరు తీసిన అర్థమే నాకు మింగుడు పడటం లేదు. ‘బాహుబలి’ మొదటి భాగంలో గొలుసులు ఈడ్చుకుంటూ ఎండు పుల్లలు ఏరే దేవసేనను మళ్లీ చూడండి. మాటలు తక్కువ, చూపులోనే పగంతా. తనకంటే రెండేళ్లు పెద్దవాడైన ప్రభాస్‌కు తల్లిగా అలా నిలబడగలిగిన నటికి ఆ తర్వాత మనవాళ్లు ఎన్ని మంచి పాత్రలు రాశారు? ‘సైజ్ జీరో’ పాత్ర కోసం బరువు పెరిగితే, ఆ సాహసం గురించి కాక ఆమె ఒంటి గురించే ఏళ్ల తరబడి మాట్లాడారు. నాకు ఇప్పటికీ కోపం తగ్గని విషయమది.

ఇంకో సంగతి. ‘గ్యాంగ్ లీడర్’ జంట చిరంజీవి, విజయశాంతి ఇద్దరూ రాజకీయాల కోసం సినిమాలు వదిలారు. చిరంజీవి 2017లో ‘ఖైదీ నంబర్ 150’తో అరవై దాటాక కథానాయకుడిగానే తిరిగొచ్చారు, పక్కన కాజల్. ‘కర్తవ్యం’తో జాతీయ ఉత్తమ నటి అవార్డు అందుకున్న విజయశాంతి 2020లో ‘సరిలేరు నీకెవ్వరు’తో తిరిగొస్తే, ఆ సినిమా మహేష్ బాబుది, ఆమెది తల్లి పాత్ర. ఇద్దరికీ ఒకే తలుపు తెరుచుకుందా?

పాత రీలు: తల్లి పాత్ర అయినంత మాత్రాన చిన్నతనమా? ‘అర్జున్ సన్నాఫ్ వైజయంతి’లో విజయశాంతి పోలీసు అధికారే కదా. పైగా నిర్మాత డబ్బు పెట్టేవాడు. హీరో పేరు మీద మొదటి రోజు టికెట్లు తెగుతాయి, హీరోయిన్ పేరు మీద తెగవు. అది దుర్మార్గం కాదు, వ్యాపారం.

జేజమ్మ అభిమాని: 2009 సంక్రాంతికి ‘అరుంధతి’ ఎవరి పేరు మీద ఆడిందండీ? అప్పటికి అనుష్క పరిశ్రమకు వచ్చి నాలుగేళ్లే. అంత ఖర్చు పెట్టిన నిర్మాత ఆమెను నమ్మారు, జనం థియేటర్లకు వచ్చారు. అయినా వరుసగా రెండు సినిమాలు ఆడని హీరోకు మూడో సినిమా సిద్ధంగా ఉంటుంది, ఆమెకు ఒక్క ‘ఘాటి’ పోగానే మీరే వీడ్కోలు సభ పెడుతున్నారు.

గోదావరి గట్టు: నేను వీడ్కోలు చెప్పలేదు, ఆమె నిర్ణయాన్ని గౌరవిద్దామన్నాను. కానీ ‘ఖైదీ నంబర్ 150’ పోలికకు మాత్రం నా దగ్గర జవాబు లేదు.