బ్రామ్స్ పగనీని వేరియేషన్స్ వాయిస్తున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

మంద్రస్థాయి: అందరికీ నమస్తే. పగనీని వయొలిన్ థీమ్ మీద బ్రామ్స్ పియానోకి రాసిన వేరియేషన్స్ (ఓపస్ 35), మొదటి పుస్తకం మొదలుపెట్టి మూడు నెలలైంది. థీమ్, అంటే మొదట వచ్చే మూల వరస, 12 బార్లే కదా అని ధైర్యం చేశాను. పేజీ తిప్పగానే మొదటి వేరియేషన్‌లో కుడిచేతికి ఎడతెరిపి లేకుండా ఆరేసి స్వరాల దూరంలో జంటగా మోగే సిక్స్త్‌లు, రెండోదాంట్లో అవే ఎడమచేతికి! పది నిమిషాలకే మోచేతి దాకా బిగుసుకుపోతోంది. మీరు దీన్ని ఎలా దాటారు?

పాతస్వరం: బిగుసుకున్న క్షణమే ఆపేయండి, దయచేసి. నేను పంతానికి పోయి వాయించాను, తర్వాత ఆరు వారాలు పియానో మూత తీయలేకపోయాను. మళ్లీ మొదలెట్టాక పై స్వరాలు మాత్రం 3, 4, 5 వేళ్లతో, కింది స్వరాలు విడిగా 1, 2 వేళ్లతో వాయించాను. కలిపేటప్పుడు రెండు జంటలు వాయించి చేతిని పూర్తిగా వదిలేసేదాన్ని. ఆ వదలడమే అసలు సాధన. వేగం దానంతటదే వచ్చింది.

వియన్నాప్రియ: వీటికి ‘స్టడీస్’ అని పేరు పెట్టింది బ్రామ్సే. 1862-63లో రాశాడు, 1866లో అచ్చయ్యాయి. అప్పట్లో వియన్నాలో మహా వేగంగా వాయించే పియానిస్ట్ కార్ల్ టౌసిగ్‌తో ఆయనకి స్నేహం. గొప్ప పియానిస్ట్ క్లారా షూమన్ అంతటావిడ వీటిని ‘మంత్రగత్తె వేరియేషన్స్’ అంది, కాబట్టి మీ చేయి అలసిపోతే చిన్నబుచ్చుకోకండి. పుస్తకానికి 14 చొప్పున రెండు పుస్తకాలు, రెండూ థీమ్‌తోనే మొదలవుతాయి. ఒక్కటి చాలు.

తంత్రి: నేను కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను, పియానో రాదు. పగనీని వయొలిన్‌కి రాసిన 24వ కాప్రిస్ విని, ఈ థీమ్ దాన్లోదే కాబట్టి ఇటు వచ్చాను. ఒకే పంక్తిని రకరకాలుగా పాడే నెరవల్‌లో సాహిత్యం కోసం చెవి వేచి ఉన్నట్టు, ఇక్కడ ఆ వయొలిన్ వరస కోసం వెతికాను. చాలాచోట్ల దొరకలేదు. ఓ రోజు కింది బేస్‌నే పట్టుకుని విన్నాను. మొదటి నాలుగు బార్లు ఎ, ఇ స్వరాల మధ్య ఊగడం, తర్వాత డి మైనర్ వైపు తిరగడం, అంతా అక్కడే ఉంది! ఆ రోజు మొత్తం మళ్లీ మళ్లీ విన్నాను.

పాతస్వరం: తంత్రి గారూ, ఎంత బాగా పట్టుకున్నారండీ. నేను కూడా ప్రతి వేరియేషన్‌కీ ముందు ఎడమచేతి బేస్ ఒక్కటే వాయిస్తాను.

నల్లమెట్లు: 13వదాంట్లో ఆక్టేవ్ గ్లిసాండోల (ఎనిమిదేసి స్వరాల దూరంలోని జంటని మెట్ల మీద జార్చడం) సంగతి కూడా చెప్పాలి. బరువైన మెట్లున్న పియానో మీద ప్రయత్నించి చిటికెనవేలి చర్మం లేచిపోయింది. చాలామంది మణికట్టుతో విడి ఆక్టేవ్‌లుగానే వాయిస్తారు, నేనూ అంతే. మంద్రస్థాయి గారూ, వరసలోనే వెళ్లాలని లేదు, 11, 12 ముందు పట్టుకోండి. ఎ మేజర్‌లోకి వెళ్తాయి, చేతికి ఊపిరాడుతుంది.

మంద్రస్థాయి: వారం తర్వాత వచ్చాను. సిక్స్త్‌లు పక్కనపెట్టి 11, 12 మీద కూర్చున్నాను. బేస్ విడిగా వాయిస్తుంటే మా అమ్మ వంటింట్లోంచి వచ్చి “ఇది మొదట్లో వాయించేదే కదా?” అంది.