నాటకుండా వచ్చిన మొక్కను ఏమందాం?

పూలతోటలో మనం విత్తకుండానే మొలిచే మొక్కలకు తెలుగులో ఒక్క మాట కావాలని మన ఈ బృందంలో ఒకరు అడిగారు. ‘స్వయంజాతం’, ‘స్వేచ్ఛామొలక’ అని సూచనలూ వచ్చాయి. నాకు రెండూ రుచించలేదు. కడపలో మొక్కలు పెంచుకునేవాళ్లు ఎవరైనా ‘అది పడి మొలిచింది’ అంటారు. ఆ క్రియ ఉండగా కొత్త నామవాచకం దేనికి?

పైగా అది ఏ దారిన వచ్చిందో కూడా ఆ క్రియే చెప్పేస్తుంది. గోడ పక్కన వేప ‘కాకి రెట్టలో పడి మొలిచింది’. గులాబీ పాదులో టమాటా ‘ఎరువులో వచ్చింది’. దేవుడి పటానికి వేసిన బంతి దండ వాడిపోతే, తొక్కకూడదని తీసుకెళ్లి ఏ కుండీలోనో వేస్తాం. నాలుగు చినుకులు పడగానే అక్కడ దారం పొడవునా బంతి నారు! దాన్ని ‘దండలోంచి వచ్చింది’ అంటాం. కనకాంబరం తీరు ఇంకో రకం. దాని ఎండుకాయ తడి తగలగానే టప్పున చిట్లి గింజల్ని దూరంగా విసురుతుంది. అది ‘చిట్లి పడింది’. వీటన్నిటినీ ‘స్వయంజాతం’ అనేస్తే కాకీ పోయింది, దండా పోయింది.

అనంతపురం నుంచి ఒక సభ్యురాలు:
విత్తనాలు పండించే రైతులు ‘కేళీలు’ అంటారు కదండీ, అది సరిపోదా?

కర్నూలు నుంచి ఒక సభ్యుడు:
కేళీలు వేరమ్మా. వరిలో ఒక రకం వేస్తే మధ్యలో ఇంకో రకం కంకి తలెత్తుతుంది, అది కేళీ. బెరుకు అనీ అంటారు. కిందటి పంటలో రాలిన గింజ మొలిచినా, విత్తనాల్లోనే కల్తీ ఉన్నా పేరు అదే. కనుక అది రకం తేడాను చెప్పే మాట. పూలతోటలో టమాటాను కేళీ అంటే రైతులు నవ్వుతారు.

అనంతపురం సభ్యురాలు:
సరే, ఒప్పుకున్నాను. అయితే పడి మొలిచినవన్నీ ముద్దు చేయదగ్గవి కావు. చామంతి మళ్లలో అచ్చం చామంతి ఆకులాంటి ఆకుతో వయ్యారిభామ (పార్థీనియం మొక్క) లేస్తుంది. పేరు ఎవరు పెట్టారో గాని మహా గడుసువాళ్లు! 2000లో మా జిల్లాలో వేరుశనగను కాండం కుళ్లు వైరస్ ఊడ్చిపెట్టింది. వైరస్‌ను దాచుకున్నది ఆ వయ్యారిభామ పుప్పొడే, మొక్కలకు అంటించినవి తామర పురుగులు (త్రిప్స్ అనే సన్నటి పురుగులు). అందుకే మా ఇంట్లో అది పూత పూయకముందే పీకేస్తాం. దాన్ని మాత్రం ‘కలుపు’ అనే అంటాం.

నేను:
అనాల్సిందే. కలుపు అనేది ఉంచాలా పీకాలా అన్న తీర్పు. పడి మొలవడం మాత్రం పుట్టుక సంగతి. ఒకే మొక్కకు రెండూ వర్తించవచ్చు.

కర్నూలు సభ్యుడు:
పోనీ, ‘పడిమొలక’ అని సమాసం చేద్దామా? పొట్టిగా ఉంటుంది.

నేను:
చెవికి బాగానే ఉంది గాని, మొలక అంటే రెండాకుల దశే గుర్తొస్తుంది. నిలువెత్తు పెరిగి కాయలు దించే బొప్పాయిని పట్టుకుని మొలక అని ఎలా అంటాం? ‘పడి మొలిచిన బొప్పాయి’ అనండి, ఒక్క మాట ఎక్కువైతే ఏం?