మే 1న ముగే పువ్వులు: వీధిలో కొనాలా, దుకాణంలోనా?

లియాన్ విద్యార్థిని:
ఇక్కడ ఫ్రాన్సులో మే 1న ఒకరికొకరు ముగే (లిల్లీ ఆఫ్ ద వ్యాలీ) రెమ్మలు ఇచ్చుకోవడం ఆచారం. నిరుడు ఆ రోజు ఉదయం పక్కింటి పెద్దావిడ తలుపు తట్టి, తెల్లని చిరుగంటల్లాంటి పూలున్న ముగే రెమ్మను, అదృష్టం కలగాలంటూ నా చేతిలో పెట్టారు. పేరంటానికి వచ్చినవారిని పువ్వులిచ్చి సాగనంపే ఇంట్లో పెరిగినదాన్ని కనుక వెంటనే తల్లో తురుముకోబోయాను. అది ఆకు నుంచి వేరు దాకా విషమేనని, పూలగిన్నెలోని నీళ్లు కూడా ప్రమాదమని ఆవిడే వారించారు. ఈసారి నేనూ ఆవిడకు ఇవ్వాలి. వీధి మలుపులో అమ్మే పిల్లల దగ్గర కొనడమే పండుగ పద్ధతి అని నా అభిప్రాయం.

నాంత్ వాసి:
నేను ఒప్పుకోనండీ. ఆ ఒక్క రోజు ఎవరైనా అమ్ముకోవడాన్ని అధికారులు చూసీచూడనట్లు వదిలేస్తారు గానీ, అడవిలో కోసినవే అమ్మాలని, బల్ల వేయకూడదని, పూల దుకాణాలకు దూరంగా నిలబడాలని చాలా ఊళ్లలో షరతులున్నాయి. అడవిపూలు జిలుగుకాగితం చుట్టుకుని వస్తాయా? ఫ్రాన్సులో అమ్ముడయ్యే ముగేలో అధికభాగం మా నాంత్ చుట్టుపక్కల తోటలదే. ఒక్క రోజు అమ్మకం కోసం ఏడాదంతా సాగుచేసి, మొగ్గ సరిగ్గా ఏప్రిల్ ఆఖరుకు విచ్చేలా చూసుకోవాలి. ఎండ ముందే ముదిరితే ఆ ఏటి కష్టం పోయినట్లే. ఆ పంటను ఏడాది పొడవునా అద్దె, పన్ను కట్టే దుకాణదారు అమ్మితే న్యాయం.

తూలూజ్ నుంచి:
నాంత్ వాసి గారు వ్యాపారం గురించే మాట్లాడుతున్నారు, కానీ అది కార్మికుల రోజు. 1891 మే 1న ఉత్తర ఫ్రాన్సులోని ఫుర్మీ పట్టణంలో ఎనిమిది గంటల పనిదినం కోరినవారిపై సైనికులు కాల్పులు జరపగా తొమ్మిదిమంది మరణించారు. ఆ తరువాత కార్మికులు ఎర్రని అడవిగులాబీ ధరించేవారు. 1941లో, యుద్ధకాలంలో జర్మనీతో చేతులు కలిపిన పేతాం ప్రభుత్వం, వామపక్షాల రంగైన ఆ ఎరుపును తప్పించి తెల్లని ముగేను నిలబెట్టింది. అయినా నేటికీ కమ్యూనిస్టు కార్యకర్తలు ఇదే ముగేను వీధుల్లో అమ్మి పార్టీకి నిధులు కూడబెడతారు. నేను కొనేది వాళ్ల దగ్గరే.

లియాన్ విద్యార్థిని:
ఈ చరిత్ర నాకు తెలియదండీ. పెద్దావిడకు దుకాణంలో కుండీ మొక్క కొంటాను, మళ్లీ ఏడాదీ పూస్తుంది. పిల్లల దగ్గర ఒక్క రెమ్మ మాత్రం తీసుకుంటాను, కాగితం చుట్టనిదైతేనే.