సెమీ క్రిస్మస్ నాటిక: సీమోను ఇంటి సీను ఉంచుదాం

నాటిక టీమ్:
అందరికీ వందనాలు. నాటిక ఇరవై నిమిషాలు దాటుతోందని నిన్న కాల్‌లో మొదటి సీను తీసేద్దామనుకున్నాం. రాత్రి నిద్ర పట్టలేదు. ఆ ఒక్క సీను ఉంచండని అడగడానికే ఇది రాస్తున్నాను. కావాలంటే పౌలు ఓడ ప్రయాణం మొత్తం తీసేద్దాం.

మనం చూపించేది సువార్త అన్యజనుల దగ్గరికి, అంటే యూదులు కానివాళ్ల దగ్గరికి, ఎలా వెళ్లిందనే కదా. యొప్పేలో పేతురు ఎవరింట్లో దిగాడు? సముద్రం ఒడ్డున, చర్మకారుడు సీమోను ఇంట్లో. అపొస్తలుల కార్యములు ఆ సంగతి మూడుసార్లు చెబుతుంది: 9:43, 10:6, 10:32. చచ్చిన పశువును ముట్టుకుంటే మైల అనే సమాజం అది. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదుల ధర్మ నియమాల గ్రంథం మిష్నాలో, తోళ్లు పదును చేసే చోటు ఊరికి యాభై మూరల దూరాన ఉండాలని రాసి ఉంది.

మా తాతది ఒంగోలు దగ్గర పల్లె. ఇంటి వెనక లంద, అంటే తోళ్లు నానబెట్టే తొట్టి, ఉండేది. సున్నంలో నానిన తోలు వాసన, తంగేడు చెక్క వాసన ఎంత కడుక్కున్నా చేతుల్ని వదిలేవి కావని నాన్న చెప్పేవారు. ఊళ్లోవాళ్లు ఆ గుమ్మం దాకా కూడా వచ్చేవాళ్లు కాదు. పేతురు అలాంటి ఇంట్లోనే చాలా రోజులు ఉన్నాడు, ఆ మిద్దె మీదే, రకరకాల జంతువులతో ఆకాశం నుంచి దుప్పటి దిగే దర్శనం చూశాడు. కైసరయలో అన్యజనుడైన శతాధిపతి కొర్నేలీ గడప తొక్కకముందే ఆయన ఒక గడప దాటేశాడు.

1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. వాళ్ల మునిమనవళ్లు, మునిమనవరాళ్లు మన హాల్లో ముందు వరుసల్లోనే కూర్చుంటారు. వాళ్లకి ఈ సీను విడమర్చి చెప్పక్కర్లేదు.

స్టేజీ, టైం:
అన్నా, తీసేద్దామన్నది నేనే. మీరు చెప్పేదాకా అది ఏ ఇల్లో ఆలోచించనే లేదు, క్షమించండి. ఉంచుదాం. ఓడ సీను పోతే ఆరు నిమిషాలు కలిసొస్తాయి. మరి పౌలు వేసే బాబు? నెల రోజుల నుంచి డైలాగులు బట్టీ పడుతున్నాడు.

నాటిక టీమ్:
వాడి అసలు డైలాగు అంతియొకయ సీనులో ఉందమ్మా. ఆ సంఘం ఎలాంటిదో చూడండి: కుప్రకు చెందిన బర్నబా, నీగెరనబడిన సుమెయోను, ఆఫ్రికాలోని కురేనే నుంచి వచ్చిన లూకియ, హేరోదుతో కలిసి పెరిగిన మనయేను, సౌలు (మన పౌలే). శిష్యుల్ని మొదట క్రైస్తవులని పిలిచిందీ అక్కడే. అక్కడ పేతురు అన్యజనులతో కలిసి తిన్నాడు. యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గర్నుంచి కొందరు యూదులు రాగానే భయపడి పక్కకి జరిగాడు. బర్నబా కూడా బల్ల దగ్గర్నుంచి లేచి పక్కకి వెళ్లాడు. పౌలు అందరి ముందూ నిలదీశాడు. గలతీ పత్రిక రెండో అధ్యాయంలో ఆయనే రాసుకున్నాడు. బాబు బల్ల దగ్గరే నిలబడి ఆ మాటలు అనాలి. మైకు కోసం ముందుకి రావద్దు, కాలర్ మైకు పెట్టండి.

వంట టీమ్:
తమ్ముడూ, సందర్భం వచ్చింది కాబట్టి అడుగుతున్నా. శాకాహారం తినేవాళ్లకి పక్క గదిలో బల్లలు వేద్దామనుకున్నాం. మార్చమంటావా?

నాటిక టీమ్:
అక్కా, గిన్నెలు, గరిటెలు వేరుగా పెట్టండి, అది వాళ్ల మనసుకి ఇచ్చే గౌరవం. కూర్చునేది మాత్రం ఒకే హాల్లో, ఒకే బల్లల మీద. క్రీ.శ. 49 ప్రాంతంలో యెరూషలేము సభ అన్యజనులకి సున్నతి అక్కర్లేదని తేల్చి, రక్తం, గొంతు పిసికి చంపినది, విగ్రహాలకి అర్పించినది, జారత్వం మాత్రం మానమని ఉత్తరం రాసింది. నాకర్థమైనంతలో ఆ తిండి నియమాలు పెట్టింది యూదులూ అన్యజనులూ ఒక బల్ల దగ్గర కూర్చోగలగడానికే.

వంట టీమ్:
సరే. చీటీలు అంటించి కూరలు వేరు చేస్తాం. పక్క గది పిల్లల మేకప్‌కి వాడుకోండి.

స్టేజీ, టైం:
దుప్పటి పైనుంచి దిగాలంటే బాల్కనీ రెయిలింగ్‌కి కప్పీ కట్టాలి. డబుల్ కాట్ దుప్పటి తెల్లది ఎవరి దగ్గరుంది? నాలుగు మూలలా ముడి వేస్తే పట్టు జారుతోంది, గులకరాయి పెట్టి ముడేస్తే నిలిచింది.

నాటిక టీమ్:
మా ఇంట్లో ఉంది, శనివారం రిహార్సల్‌కి తెస్తాను. తాత వాడిన తోలు కోసే రంపె, తోలు కుట్టే ఆరె కూడా తెస్తున్నాను. నాన్న పోయాక వాటిని నాతోపాటు ఇక్కడికి తెచ్చుకున్నాను. సీమోను గోడకి వాటినే వేలాడదీద్దాం. రంపెకి ఇంకా పదునుంది, పిల్లలకి అందనంత ఎత్తులో మేకు కొట్టండి.