ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి లేకపోయినా హైదరాబాదులో ఇల్లు ఎందుకు అందడం లేదు?

అద్దెదారు: నిబంధనలు సడలిస్తే మార్కెట్టే ఇళ్లను చౌకగా అందిస్తుందంటారు. 2006లో జీవో 86తో ఎఫ్‌ఎస్‌ఐ (స్థల విస్తీర్ణానికి ఎన్ని రెట్లు అంతస్తులన్నీ కలిపి కట్టవచ్చో చెప్పే నిష్పత్తి) పరిమితిని తొలగించిన హైదరాబాదులో ఆకాశహర్మ్యాలు లేస్తున్నా, మధ్యతరగతికి ఇల్లు ఎందుకు దొరకడం లేదో తెలిసినవారు వివరించగలరు.

పాత ఇంజనీరు: అద్దెదారు గారూ, పరిమితి పూర్తిగా పోలేదండి. ఎత్తు ఇప్పటికీ రోడ్డు వెడల్పు మీద, చుట్టూ వదలాల్సిన ఖాళీ మీద ఆధారపడుతుంది కాబట్టి, ఇరుకు వీధుల పాత బస్తీలకు ఆ వెసులుబాటు పెద్దగా దక్కలేదు. విశాలమైన రోడ్లున్న పడమటి శివార్లలో మాత్రం, ఎన్ని అంతస్తులు కట్టవచ్చో ముందే లెక్కవేసుకునే భూయజమాని ఆ లాభాన్ని ఎకరం ధరలోనే కలిపేస్తాడు. అయినా, తన దక్షిణాన ఉన్న పాత భాగమైన ద్వీపనగరంలో 1.33 ఎఫ్‌ఎస్‌ఐతో దశాబ్దాలు గడిపిన ముంబైతో పోలిస్తే మన పరిస్థితి నయమే.

గండిపేట వాసి: జంట జలాశయాల (ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్) రక్షణకు 1996లో వచ్చిన జీవో 111 మా 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసింది. దానివల్ల భూమి కొరత ఏర్పడిందన్నది నిజమే కానీ, చెరువును కాపాడే నిబంధననూ అంతస్తుల లెక్కనూ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు.

అద్దెదారు: అంటే ముందుగా రోడ్లు, ఆ తర్వాతే అంతస్తులన్నమాట. ధన్యవాదాలండి.