ఆపరేషన్ సక్సెస్ అన్నారు, పాప దక్కలేదు. ఏం జరిగిందో ఆస్పత్రిని ఎలా అడగాలి?

నర్సంపేట మేనమామ

అందరికీ నమస్తే. మా చెల్లె బిడ్డ గురించి రాస్తున్నా. పద్నాలుగు నెలల పాప. ఊళ్లో అంగన్‌వాడీకి సర్కారు తరఫున పిల్లల్ని పరీక్షించే ఆర్‌బీఎస్‌కే డాక్టర్లు వచ్చినప్పుడు గుండె చప్పుడు తేడాగా ఉందన్నారు. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి పోయాం. ఎకో (గుండె స్కానింగ్) తీస్తే గుండెలో రంధ్రం, పెద్దదే. పాలు తాగుతుంటేనే నుదుటి మీద చెమట పట్టేది, బరువు ఆరు కిలోలు దాటలేదు. ఆరోగ్యశ్రీ కింద హైదరాబాద్‌లో ఆపరేషన్ చేయించాం. ఆస్పత్రి పేరు రాయను, దయచేసి అడగొద్దు.

బయటికొచ్చిన సర్జన్ సార్ "సక్సెస్, రంధ్రం మూసేశాం" అన్నారు. మా బావ ఆయన కాళ్లు మొక్కబోయాడు. మరుసటి రోజు తెల్లారి ఆరున్నరకు లోపలికి పిలిచారు. గుండె ఆగింది, మళ్లీ కొట్టుకునేలా చేశాం, పరిస్థితి బాగాలేదు అన్నారు. మధ్యాహ్నానికి పాప లేదు. ఏమైందని అడిగితే "హై రిస్క్ అని ముందే సంతకం పెట్టారు కదా" అన్నారు. పెట్టిన మాట నిజమే. చేతికిచ్చిన కాగితంలో కారణం "కార్డియాక్ అరెస్ట్" అని ఉంది. ఎవరు పోయినా చివరికి ఆగేది గుండే కదా, అదీ ఒక కారణమేనా?

ఒక్క విషయం చెల్లె పదే పదే అంటది. ఆపరేషన్ రోజు రాత్రి ఐదు నిమిషాలు లోపలికి పంపారు. పాప ఛాతీ నుంచి ట్యూబు వచ్చి మంచం కింద డబ్బాలో రక్తం పడుతోంది. డబ్బాకు తెల్ల ప్లాస్టరు, దాని మీద పెన్నుతో గీతలు, పక్కన టైములు. రాత్రి ఒంటిగంటకు నాకు ఫోన్ చేసింది. "రక్తం ఆగిందట అన్నా, సిస్టర్ చెప్పింది, ఇగ మంచిగైతది" అని. తెల్లారి చూస్తే రక్తం "11" అని రాసిన గీత దగ్గరే ఉంది. ఆ తర్వాత గీతలే లేవు.

కేసు పెట్టే ఓపిక మాకు లేదు. ఇలా పిల్లలు పోయినప్పుడు ఆస్పత్రి వాళ్లు కూర్చుని ఎందుకు పోయారో చూసుకుంటారా? మేం అడగొచ్చా?

బైపాస్ రోడ్

అన్నా, అస్సలు వదలొద్దు. పేపరోళ్లను పిలిచి గేటు ముందు కూర్చోండి. అప్పుడు దిగొస్తారు.

కాజీపేట సిస్టర్

బైపాస్ రోడ్ గారూ, మీ కోపం అర్థమైంది. గానీ గేటు ముందు గొడవైన రోజు లోపల ఏం జరుగుతుందో నేను చూశా. ఫైల్ బీరువాలోకి పోతుంది, ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లు నోరు విప్పరు.

నర్సంపేట అన్నా, నేను పదకొండేళ్లు పిల్లల గుండె ఐసీయూలో చేశా. ఇప్పుడు మానేశా. మీ పాపకు ఏమైందో చార్ట్ చూడకుండా నేను చెప్పలేను, చూడకుండా చెప్పేవాళ్లను మీరూ నమ్మొద్దు. కానీ మీ చెల్లె చూసిన ఆ గీత చిన్న విషయం కాదు.

గుండె ఆపరేషన్ తర్వాత లోపల ఊరే రక్తం బయటికి రావాలనే ఆ ట్యూబు పెడతారు. గంటగంటకూ తగ్గుతూ తగ్గుతూ ఆగితే మంచిదే. అప్పటిదాకా బాగా వచ్చి ఒక్కసారిగా ఆగితే మాత్రం, ట్యూబులో గడ్డ అడ్డుపడి రక్తం గుండె చుట్టూ చేరుతోందేమోనని చూడాలి. ఆరు కిలోల బిడ్డ ఒంట్లో మొత్తం రక్తమే అర లీటరు లోపు. ఆ చిన్న గుండెను నొక్కేయడానికి ఎంతో రక్తం అక్కర్లేదు.

ఇది నాకు పుస్తకంలో తెలిసింది కాదు. నా మూడో ఏడు, నైట్ డ్యూటీ. ఒక బాబుకు డ్రెయిన్ (ఆ ట్యూబులోంచి వచ్చే రక్తం) గంటకు పది, పన్నెండు, తొమ్మిది ఎంఎల్ వస్తూ వస్తూ రెండింటికి సున్నా. నేనూ సంతోషపడ్డా. మూడింటికి బీపీ కొంచెం దిగింది, గుండె వేగం పెరిగింది. పాదాలు పట్టుకుని చూస్తే చల్లగా ఉన్నాయి, మూత్రం సంచి ఖాళీ. డ్యూటీ డాక్టర్ కొత్త, "ఫ్లూయిడ్ ఇచ్చి చూద్దాం, తెల్లారితే సార్ వస్తారు" అన్నాడు. సర్జన్ సార్‌కు ఫోన్ చేయాలి. ముందు వారమే ఇంకో సిస్టర్ రాత్రి ఫోన్ చేస్తే "దీనికా నన్ను లేపావు" అని రౌండ్స్‌లో అందరి ముందు కడిగేశారు. నేను ఫోన్ చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేశా. చేసేసరికి నాలుగున్నర. ఆయన వచ్చి మంచం మీదే ఛాతీ తెరిచి గడ్డలు తీశారు. బాబు బతికాడు. రెండేళ్ల తర్వాత వాళ్లమ్మ ఓపీలో కనబడి, ఇంకా ఫిట్స్ మందులు వాడుతున్నామని చెప్పింది. మా రిజిస్టర్‌లో మాత్రం ఆ కేసు సక్సెస్.

నెలకోసారి మరణాల మీద మీటింగ్ ఉండేది. బాబు చనిపోలేదు కాబట్టి ఆ కేసు మీటింగ్ దాకా రాలేదు. వచ్చిన కేసుల్లోనూ మొదటి ప్రశ్న "ఆ రోజు డ్యూటీ ఎవరిది?" దాంతో అందరూ తల దించుకునేవాళ్లం. తర్వాత కొత్తగా వచ్చిన అనస్థీషియా మేడం బతికినా బాగా లేని పిల్లల కేసులు కూడా తీయించారు. నా కేసు వచ్చినప్పుడు "ఫోన్ గంటన్నర ఎందుకు ఆలస్యమైంది?" అన్నారు. భయమేసిందని చెప్పా. తిట్టిన సార్ అక్కడే కూర్చుని ఉన్నారు. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వారంలో గోడ మీద కాగితం పడింది: డ్రెయిన్ ఒక్కసారిగా ఆగితే ఎవరినీ అడక్కుండా సర్జన్‌కు ఫోన్. కాగితం కింద సార్ సంతకమే ఉంది.

మేడం మాకు ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ ఆస్పత్రి కథ చెప్పేవారు. అక్కడ పిల్లల గుండె ఆపరేషన్లలో మరణాలు ఎక్కువని స్టీఫెన్ బాల్సిన్ అనే మత్తు డాక్టర్ లెక్కలు రాసి చూపించినా ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోలేదు. 2001లో వచ్చిన విచారణ నివేదిక, 1991 నుంచి 1995 మధ్య ఏడాదిలోపు పిల్లలే 30 నుంచి 35 మంది అదనంగా చనిపోయారని తేల్చింది. దాదాపు అవే రోజుల్లో లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆస్పత్రిలో మార్క్ డి లెవాల్ అనే సర్జన్ చేతిలో వరసగా పిల్లలు పోయారు. ఆయన తన కేసులు తానే లెక్కేసుకుని, వేరే చోటికి పోయి మళ్లీ నేర్చుకుని వచ్చాడు. 104 మంది పసిపిల్లల ఆపరేషన్ల లెక్క 1994లో తన పేరు మీదే అచ్చేశాడు. అంత పెద్ద సర్జన్! ఆ తర్వాత అదే ఆస్పత్రి వాళ్లు, థియేటర్ నుంచి ఐసీయూకు బిడ్డను అప్పగించే పద్ధతి సరిచేసుకోవడానికి కార్ల రేసులో చక్రాలు మార్చే ఫెరారీ వాళ్లను కూడా సలహా అడిగారు.

మీరు అడగొచ్చు అన్నా, అడగాలి. "ఎవరు తప్పు చేశారు" అని మొదలుపెట్టకండి. పదకొండు తర్వాత ఏం చూశారు, ఎకో ఎప్పుడు తీశారు, ఎవరికి ఎప్పుడు చెప్పారు అని అడగండి.

పెద్దపల్లి నాన్న

సిస్టర్ చెప్పింది అక్షరాలా నిజం. దానికి ముందు కాగితాలు చేతికి రావాలి. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమాల ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డు ఇవ్వాలి, చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లు దాచి ఉంచాలి. అన్నా, మీరు మేనమామ, దరఖాస్తు మీద మీ సంతకం ఒక్కటే అయితే ఒప్పుకోకపోవచ్చు. చెల్లె, బావ పెట్టాలి. మెడికల్ రికార్డ్స్ విభాగంలో ఇచ్చి, జిరాక్స్ మీద ముద్ర వేయించుకోండి. "ఫైల్ ఇవ్వండి" అంటే రెండు పేజీల సమ్మరీ చేతిలో పెడతారు. ఐసీయూ గంటగంట చార్ట్, నర్సుల నోట్స్ కావాలని విడిగా రాయండి. మా పాప టెట్రాలజీ (పుట్టుకతో వచ్చే గుండె జబ్బు) ఆపరేషన్ అయి బాగానే ఉంది, అయినా నేను మొత్తం తీసుకుని పెట్టుకున్నా. మళ్లీ ఇంకో ఆస్పత్రిలో చూపించాల్సి వస్తే ఏం చెప్తాం?

నర్సంపేట మేనమామ

మూడు వారాలైంది, అందుకే ఇప్పుడు రాస్తున్నా. మొదటిసారి రేపు మాపు అన్నారు. ముద్ర వేసిన జిరాక్స్ చూపిస్తే ఇచ్చారు. పెద్ద కట్టే. సిస్టర్ చెప్పినట్టు డ్రెయిన్ అని ఉన్న వరస చూశాం. పదకొండింటికి 14. పన్నెండు నుంచి నాలుగు దాకా వరసగా "నిల్". ఐదు గడి ఖాళీ. డాక్టర్‌కు చెప్పినట్టు నర్సు నోట్‌లో ఉంది, ఏ డాక్టరో, ఎన్నింటికో లేదు. ఎకో అయితే గుండె ఆగిన తర్వాతే తీశారు.

గురువారం మూడింటికి రమ్మన్నారు. సర్జన్ సార్, ఐసీయూ డాక్టర్ ఉంటారట. రాత్రి డ్యూటీ సిస్టర్ కూడా ఉండాలని చెల్లె పట్టుబట్టింది. "ఆమెను నేనేం అనను. ఒంటిగంటకు నాతోటి మంచిగ మాట్లాడింది. ఎవరికి ఫోన్ చేసిందో, వాళ్లు ఏమన్నరో అడుగుత" అంటోంది.

కాజీపేట సిస్టర్

అన్నా, ఆ అమ్మాయిని అడిగేటప్పుడు డాక్టర్లిద్దరూ గదిలోనే ఉండేలా చూడండి. ఒంటరిగా ఆమె మీదికి వదిలేయనివ్వొద్దు.

నర్సంపేట మేనమామ

సరే అమ్మా. పొద్దున ఐదింటి బస్సుకు బయల్దేరుతున్నాం. చెల్లె తన ప్రశ్న పాప అంగన్‌వాడీ కార్డు వెనక రాసుకుంది.