సముద్రం ముందుకొస్తోంది: గోడ కట్టాలా, ఊరు జరపాలా?

ఉప్పుగాలి:
ప్రతి తుఫాను తర్వాతా ఇదే తంతు. ప్రభుత్వం రాతిగోడ ప్రకటిస్తుంది, ప్రతిపక్షం ఇంకా పొడవు కావాలంటుంది. ఆ డబ్బుతో ఊళ్లు వెనక్కి జరపాలన్నది నా వాదన. 1901–1971 మధ్య సముద్రమట్టం సగటున ఏడాదికి 1.3 మిల్లీమీటర్లు పెరిగింది. 2006–2018 మధ్య అది 3.7. వేగం పుంజుకుంటున్న నీటికి ఎత్తు పెరగని గోడ ఎన్నాళ్లు ఆగుతుంది?

రాతికట్టు:
1953 వరదలో 1,836 మంది పోయాక నెదర్లాండ్స్ జనం ఊళ్లొదిలి పోలేదండీ, కట్టలు కట్టుకున్నారు. 1997 నుంచి రాటర్‌డ్యామ్ దగ్గర ఉప్పెనొస్తే మూసుకునే గేట్లున్నాయి. గోడను తప్పుపట్టకండి, కట్టి వదిలేసేవాళ్లను అడగండి.

అలల లెక్క:
గోడ ఎత్తు గురించి ఒక సంగతి ఇద్దరూ వదిలేశారు. నీరు అరమీటరు పెరిగితే గోడ అరమీటరు లేపితే చాలదు. ఒడ్డు దగ్గర అలను విరగ్గొట్టేది లోతు తక్కువ కావడమే. అల ఎత్తు నీటి లోతులో సుమారు 0.6 నుంచి 0.8 వంతుకు చేరగానే విరుగుతుంది. లోతు అరమీటరు పెరిగితే 30–40 సెంటీమీటర్లు పెద్ద అల గోడదాకా వస్తుంది. అది ఎగబాకే ఎత్తూ కలపాలి.

ఎత్తు సరిపోయినా గోడకు ముప్పు కాళ్లకింద ఉంటుంది. నిలువు గోడను కొట్టి మళ్లే అల పాదం దగ్గర ఇసుక తోడేస్తుంది. గుంట పునాది కిందికి దిగిందా, గోడ సముద్రంవైపే వాలుతుంది. అందుకే గోడ పాదానికి ఎదురుగా బండలు పరవాలి. రాళ్లకూ వెనక మట్టికీ మధ్య నీటిని వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ వేయాలి. అది చిరిగినా, అతుకుల దగ్గర ఒక అంచు మీదికి రెండోది సరిగ్గా ఎక్కకపోయినా మట్టి సందుల్లోంచి కారిపోతుంది. గోడ నిక్షేపంగా కనిపిస్తుంటుంది, దాని వెనక రోడ్డు కుంగుతుంది! గోడ ఆగిన చోట పక్క ఊరి ఒడ్డు కోసుకుపోవడం సరేసరి.

2005లో కత్రినా తుఫాను వచ్చినప్పుడు అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో 17వ వీధి కాలువ గోడ నీళ్లు పొర్లి కూలలేదు. నీరు అంచుకు చేరకముందే అడుగున మెత్తటి మట్టి జారింది.

రాతికట్టు:
ఒప్పుకుంటాను. ఇంకోటి నేనే చెప్తాను: లోపలి వాననీరు. పోటు మీదున్నప్పుడు మురుగుకాలువ చివర, నీటిని బయటికే వదిలే ఫ్లాప్ గేటు మూసుకోవాలి. ప్లాస్టిక్ ఇరుక్కుంటే మూసుకోదు, సముద్రం కాలువలోంచే ఊళ్లోకొస్తుంది. మూసుకుంటే వాననీరు తోడటానికి పంపులు కావాలి. వాటి జనరేటర్‌ను నేలమీద పెడితే మొదట మునిగేది అదే.

ఉప్పుగాలి:
మరి ఇన్ని కాపలా కాసే సిబ్బందికి ఏటా జీతం ఎవరిస్తారు? 2014లో ఫిజీలో వునిడొగొలోవా ఊరు సుమారు 2 కిలోమీటర్లు లోపలికి జరిగింది.

వలతాడు:
అది జరిగింది సొంత తెగ భూమిలోకి, అది మర్చిపోకండి. చేపల వేట మీద బతికేవాళ్లను దూరంగా పడేస్తే పడవా ఇంజినూ వలా ఎక్కడ పెట్టుకుంటారు? కొత్త ఇంటికి తాళమేసి పాత ఒడ్డున పాక వేసుకుంటారు. పరిహారమేమో పట్టా ఉన్నవాడికి, అద్దెకున్నవాడికి ఏదీ?

గోడైనా తరలింపైనా ఏళ్ల పని. ఈలోపు ప్రాణాలు కాపాడేది హెచ్చరిక. బంగ్లాదేశ్ తీరంలో 1970 తుఫానుకు కనీసం 3 లక్షల మంది పోయారు. 2007 సిడర్‌కు సుమారు 3,400. మధ్యలో వచ్చినవి మెగాఫోన్లతో ఇల్లిల్లూ తిరిగే వాలంటీర్లు, ఎత్తైన షెల్టర్లు. షెల్టర్లో పశువులకు చోటు లేకపోతే, ఆడవాళ్లకు వేరే మరుగుదొడ్డి లేకపోతే చాలామంది కదలరు. మీ ఇద్దరి అంచనాల్లో వీటికి పద్దు లేదు.